సాదిర్‌కుల్ ఆతా దగ్గు

ఆ ఫిబ్రవరిలో మాకు హాలు దొరికింది ఐదు రోజులకే, అదీ పొద్దున ఎనిమిది నుంచి ఒంటిగంట దాకా. మా రాజధాని బిష్కెక్‌లో చెప్పుల ఫ్యాక్టరీ వాళ్లు ఎప్పుడో తమ కార్మికుల కోసం కట్టించిన హాలు అది. ఫ్యాక్టరీ మూతబడి ఇరవై ఏళ్లు దాటినా ఆ చెక్క నేల మాత్రం ఇంకా గట్టిగానే ఉంది. దాని మీద స్వరం నిండుగా మోగుతుందనే రికార్డింగు అక్కడ పెట్టుకున్నాం. హాలుని వెచ్చబెట్టే వేడినీళ్ల గొట్టాలు టక్కుటక్కుమంటాయని సౌండ్ ఇంజనీరు కుబత్ రాగానే వాటిని కట్టేసేవాడు. అరగంటలో చలి ఎముకల్లోకి దిగేది. భుజాల మీద కోట్లు కప్పుకుని, వేళ్ల కొసలు కత్తిరించిన చేతి తొడుగులతో వాయించేవాళ్లం.

మాది సుషిర వాద్యాల బృందం. నేను మంద్రస్థాయిలో పలికే బసూన్ వాయిస్తాను. చొల్పొన్ ఫ్లూట్, మైరమ్‌బెక్ క్లారినెట్, అర్కాదీ తెన్ హార్న్. సన్నాయిలా రెల్లు పీకతో ఊదే ఓబో రిమ్మా ఆంద్రెయెవ్నాది. ఇరవై మూడేళ్ల కిందట మమ్మల్ని కూడగట్టింది ఆవిడే. అప్పటికి నేను సంగీత కళాశాల నుంచి బయటపడి ఏడాది కూడా కాలేదు. పెళ్లిళ్లు, పురుళ్లు, ఒక విడాకులు, ప్రభుత్వాలు మూడుసార్లు కూలడం, అన్నీ మా రిహార్సళ్ల మధ్యనే జరిగిపోయాయి. ఇన్నేళ్లలో మాకంటూ ఒక్క రికార్డు లేదు.

ఇప్పుడు అది జరుగుతోంది. మా దేశపు స్వరకర్తలు ఈమధ్య రాసిన నాలుగు కృతులు, ఒక్కో దానికి ఒక్కో అతిథి. మూడు అంతకుముందు ఆకురాలు కాలంలోనే అయిపోయాయి. నాలుగోది మిగిలింది. ఐజిరెక్ అనే అమ్మాయి జర్మనీలో ఉంటూ రాసిన పద్నాలుగు నిమిషాల కృతి అది. మా ఐదుగురితో పాటు చోఓర్ కావాలి. చోఓర్ అంటే కొండల మీద గొర్రెల కాపరులు ఊదే పొడవాటి కాడ వేణువు. పళ్లకి ఆనించి, పక్కకి పెట్టి ఊదుతారు. దాన్ని ఊదడానికి కొచ్కోర్ అవతల కొండ ఊరి నుంచి సాదిర్‌కుల్ ఆతా వచ్చాడు. పెద్దవాళ్లని మేం ఆతా అంటాం.

ఆయనకి డెబ్బై నాలుగేళ్లు. నగరం అంచున మేనకోడలి ఇంట్లో దిగాడు. స్వరలిపి చదవడం రాదు, రష్యన్ కూడా అంతంతమాత్రం. ఐజిరెక్ శీతాకాలమంతా ఫోన్లో పాడి వినిపిస్తే మొత్తం కంఠతా పట్టేశాడు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ అందుకోవాలో మాకన్నా ఆయనకే బాగా తెలుసు. ఆ వారం గడిచింది కాబట్టి ఈ మాట అనగలుగుతున్నాను. మొదటి రోజు మాత్రం అలా అనుకోలేదు.

నిజానికి మొదటి రోజుకే మేం అలసిపోయి ఉన్నాం. నేనూ మైరమ్‌బెక్ సాయంత్రాలు నాటకశాల ఆర్కెస్ట్రాలో వాయిస్తాం. చొల్పొన్ రెండు బడుల్లో పాఠాలు చెబుతుంది. అర్కాదీ వాళ్ల అమ్మ మంచం పట్టి ఉంది. నా కుడి బొటనవేలు డిసెంబరు నుంచి నొప్పి. కుర్చీలో కూర్చుంటే చాలు, కళ్లు వాటంతటవే మూసుకుపోయేవి.

మేం ఐదుగురం అర్ధచంద్రాకారంలో కూర్చున్నాం. ఆతాని మధ్యలో, మాకు ఎదురుగా కూర్చోబెట్టారు. రిమ్మా ఆంద్రెయెవ్నా పక్క కుర్చీ నాదే. ఆవిడ ఓబో మీద శ్రుతి ఇచ్చింది. అందరం కలుపుకున్నాం. చోఓర్ మాత్రం కిందనే ఉండిపోయింది.

"మా అందరిదీ ఒక దారి, ఆయనదొక దారి," అంది రిమ్మా ఆంద్రెయెవ్నా, ఆయన వైపు చూడకుండానే.

"చలికి ముడుచుకుపోయిందమ్మా. కాసేపు ఒళ్లో పెట్టుకుంటే లేస్తుంది," అని ఆతా వేణువుని కోటు లోపలికి దూర్చుకున్నాడు.

"మా ఆవిడా అంతే ఆతా," అన్నాడు అర్కాదీ. "కాకపోతే లేచాక తిడుతుంది."

ఆతా కడుపు పట్టుకుని నవ్వాడు. రిమ్మా ఆంద్రెయెవ్నా నవ్వలేదు.

పావుగంటకి శ్రుతి కుదిరింది. మొదలుపెట్టాం. మూడో నిమిషం దాటిందో లేదో ఆతా ఆపేసి, గుప్పిట నోటికి అడ్డం పెట్టుకుని దగ్గాడు. "తప్పయింది పిల్లలూ. ఊపిరి అందలేదు." మళ్లీ మొదటి నుంచి. ఈసారి నాలుగో నిమిషంలో దగ్గు. నీళ్లు తాగాడు. మళ్లీ. ఒంటిగంటకి కుబత్ మైకులు విప్పే సరికి ఆయన ఏడుసార్లు ఆగాడు. మా చేతిలో వరసగా ఐదు నిమిషాల సంగీతం కూడా లేదు.

మంగళవారం అదే వరస. దగ్గు, క్షమాపణ, నీళ్లు. మధ్యలో ఒకసారి కాలు తిమ్మిరెక్కిందని లేచి, హాలు చుట్టూ రెండుసార్లు మెల్లగా నడిచి వచ్చాడు. అప్పటిదాకా అందరం వాయిద్యాలు ఒళ్లో పెట్టుకుని గోడలు చూస్తూ కూర్చున్నాం. నోట్లో రీడు, అదే ఆ రెల్లు పీక, తడి ఆరిపోతోంది. టీ కోసం ఆపినప్పుడు ఆతా జేబులోంచి కురుత్ ఉండలు తీసి అందరికీ పంచాడు. ఉప్పగా ఉండే ఆ ఎండు పెరుగు ఉండల్ని అర్కాదీ రెండు పళ్ల మధ్య పెట్టి, "ఇవి తింటే నా హార్నే కాదు, నేనూ మోగుతాను," అన్నాడు.

రిమ్మా ఆంద్రెయెవ్నా నన్ను కిటికీ దగ్గరకి పిలిచింది.

"చూడు కనిషాయ్. ముసలాయన వల్ల కాదిది. ఐజిరెక్‌కి ఫోన్ చెయ్యి. ఆ భాగాన్ని ఫ్లూట్‌కి మార్చి రాయమను. చొల్పొన్ ఒక్క పూటలో వాయించేస్తుంది."

"ఆయన కోసమే రాసింది కదండీ ఆ పిల్ల."

"రాసింది. ఆయనకి ఊపిరి లేదు. నన్నేం చెయ్యమంటావు? ఇరవై మూడేళ్లకి ఒక్క రికార్డు. అది కూడా దగ్గుతో నింపమంటావా?"

ఆవిడ గొంతు వణికింది. కోపం అనుకున్నాను. ఏర్పాట్లన్నీ చూసేది నేనే. హాలు మళ్లీ దొరకదు, మార్చి నుంచి దాన్ని వేరే వాళ్లకి ఇచ్చేశారు. అందుకని ఆతా బూట్లు తొడుక్కుంటుండగా దగ్గరకి వెళ్లాను. మెత్తగా చెబుదామనే వెళ్లాను. నోట్లోంచి అలా రాలేదు.

"ఆతా, మీకు చేతకాకపోతే ఇప్పుడే చెప్పెయ్యండి. ఇక్కడ ఎవరికీ తీరిక లేదు. ఒంట్లో బాగాలేనప్పుడు ఒప్పుకోకుండా ఉండాల్సింది."

పెద్దవాళ్లతో నేను అలా మాట్లాడను. ఆతా ఒక బూటు చేత్తో పట్టుకుని నా వైపు చూశాడు.

"నిజమే తల్లీ. రేపు బాగుంటుందేమో చూద్దాం," అన్నాడు.

బుధవారమూ బాగుండలేదు. మధ్యాహ్నం ఐజిరెక్‌కి ఫోన్ చేశాను. ఆతా దగ్గు సంగతి చెప్పి, ఆ భాగాన్ని ఫ్లూట్‌కి మార్చమని అడిగాను. "అక్కా, శీతాకాలమంతా ఆయన నాతో ఫోన్లో గంటలకి గంటలు ఊదాడు. ఒక్కసారి కూడా దగ్గలేదు. నాకు ఆ రికార్డింగు టేకులన్నీ పంపించు. విని చెబుతాను," అంది.

సరే, ఆయన ఆపిన చోట్లన్నీ ఒక దగ్గర చేర్చి పంపిద్దామని కుబత్ వాళ్ల ఇంటికి వెళ్లాను. వాళ్ల వంటగది బల్ల మీద కంప్యూటరు, దాని పక్కన బంగాళాదుంపల గిన్నె. ఒక్కో వాయిద్యానికి ఒక్కో మైకు పెట్టాడు కాబట్టి ఎవరిది వాళ్లదిగా వినొచ్చు. హెడ్‌ఫోన్లు చెవులకి తగిలించుకుని, ముందు చోఓర్ మైకు విన్నాను.

ఆ వేణువు అంత దగ్గరగా వినడం అదే మొదలు. ఊపిరి సన్నబడటం గానీ తడబడటం గానీ ఎక్కడా లేదు. ఊదుతూనే గొంతులో సన్నగా ఒక స్వరం పట్టి ఉంచుతాడు, అది కూడా వంకర పోలేదు. నిండుగా, తాపీగా సాగుతూ ఉన్నట్టుండి ఆగిపోతుంది. అర క్షణం తర్వాత దగ్గు. పొడి దగ్గు. ముగ్గురు పిల్లల్ని పెంచాను, బడి ఎగ్గొట్టడానికి దగ్గే దగ్గు నాకు తెలుసు.

"కుబత్, ఇదే చోట మిగతా మైకులు ఒక్కొక్కటీ పెట్టు."

వాడు నా మొహంలోకి చూసి, "ఓబో పెట్టనా అక్కా?" అన్నాడు. ఫ్లూట్ అనలేదు, క్లారినెట్ అనలేదు.

ఓబో మైకు విన్నాను. ఆతా ఆపడానికి రెండు మూడు క్షణాల ముందు, స్వరం పక్కనుంచి సన్నగా బుస్సుమని గాలి. పెదవి అంచున పట్టు వదిలినప్పుడు వచ్చే చప్పుడు. ఇంకొక్క క్షణం సాగితే స్వరం విరిగిపోయి ఉండేది. సరిగ్గా అప్పుడే ఆతా ఆపేశాడు. తర్వాతి టేకు పెట్టించాను. బుస్సు, ఆగడం, దగ్గు. ఆ తర్వాతిదీ అంతే. మూడు రోజుల్లో పంతొమ్మిది సార్లు ఆగాడు ఆయన. పంతొమ్మిదీ విన్నాను. పదిహేడింటిలో ముందు ఆ గాలి ఉంది.

"నీకు ముందే తెలుసా?"

"సోమవారమే విన్నానక్కా," అన్నాడు కుబత్, కప్పులో చెంచా తిప్పుతూ. "ఆవిడతో ఎవరు చెబుతారు? నువ్వు చెబుతావా?"

హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాను. ఆవిడ పక్కనే కూర్చుంటాను. పక్కనుంచి ఆవిడ మోచెయ్యి, పుటలు తిప్పే వేలు తప్ప నాకేమీ కనపడవు. ఎదురుగా కూర్చున్న మనిషికే నోరు కనపడుతుంది. నిరుడు పెన్షన్ వచ్చేసిందంటూ ఆవిడ నాటకశాల ఉద్యోగం మానేసింది. ఈ శీతాకాలంలో రిహార్సళ్లన్నీ, పెదవులు దాచుకోండి, రికార్డింగుకి కావాలి అంటూ అరగంటకే ముగించేసేది. అప్పుడు మాకందరికీ హాయిగానే ఉంది. త్వరగా ఇంటికి పోవచ్చు.

గురువారం పొద్దున హాలు తాళం తీయకముందే ఆతా మెట్ల మీద ఉన్నాడు. పొగమంచులో ఆయన తెల్ల ఊలు టోపీ దూరం నుంచే కనపడింది. వెళ్లి పక్కన కూర్చున్నాను. రాయి చల్లగా ఉంది.

"ఆతా, నిన్న అన్నీ విన్నాను. మీకు దగ్గు లేదు."

ఆయన వేలితో పైపెదవి ఎత్తి చూపించాడు. ముందు పళ్లు నాలుగు కట్టుడువి.

"గుర్రం తన్నింది. నలభై రెండేళ్లప్పుడు. చోఓర్ పళ్ల మీద నిలవాలి కదా. ఏడాదిన్నర నిలవలేదు. ఎవరికీ చెప్పలేదు నేను. ఎవరైనా పెళ్లికి పిలిస్తే పోయేవాణ్ణి, పోయి కడుపు నొప్పి అని పడుకునేవాణ్ణి. ఊళ్లో అందరూ నాకు పేగు జబ్బు అనుకున్నారు." నవ్వాడు. "సోమవారం ఆమె నోరు చూశాను. పక్కకి జారుతోంది. ఆమెకి తెలుసు జారుతోందని. కళ్లలో కనపడింది. మరి నాకు దగ్గొచ్చింది."

"నేను మిమ్మల్ని అంత మాట అన్నాను."

"అన్నావు. ఆ రోజు సాయంత్రం బాధపడ్డాను," అన్నాడు. అంతే. పరవాలేదు అని అనలేదు. "ఇప్పుడు నువ్వు వెళ్లి ఆమెతో ఇది చెప్పకు. చెబితే ఆమే చెప్పాలి."

సరేనన్నాను. మాట నిలబెట్టుకోగలనో లేదో నాకే తెలియదు.

అందరూ వచ్చారు. కోట్లు విప్పకముందే రిమ్మా ఆంద్రెయెవ్నా అందరి ముందూ అడిగేసింది. "ఐజిరెక్ ఏమంది? మార్చి రాస్తానందా?"

"టేకులు పంపమంది. నిన్న కుబత్ దగ్గర కూర్చుని విన్నాను."

"విని?"

"ఒక్కో మైకూ విడివిడిగా విన్నానండీ," అన్నాను.

ఇంకేమీ అనలేదు. అది చెప్పడమో చెప్పకపోవడమో ఇప్పటికీ తేల్చుకోలేను. ఆవిడ నా వైపు చూసి, తల దించుకుని, ఓబో పెట్టె తెరిచింది. చాలా నెమ్మదిగా ముక్కలు బిగించుకుంది. శ్రుతి ఇచ్చింది. మొదలుపెట్టాం.

మూడో నిమిషం. నాలుగో నిమిషం. నా పక్కనుంచి ఆ బుస్సు ఈసారి నాకే వినపడింది. తెలిసి వింటున్నాను కాబట్టి. ఆతా ఆగాడు. గుప్పిట నోటి దగ్గరకి వెళ్లింది.

"ఆపండి ఆతా," అంది రిమ్మా ఆంద్రెయెవ్నా. ఆయన్ని ఆతా అని పిలవడం అదే మొదలు. "దగ్గకండి. మీకు దగ్గు లేదు."

పక్క గదిలో ఉన్న కుబత్ గొంతు స్పీకర్లోంచి ఏదో అనబోయి ఆగింది.

"నవంబరు నుంచి," అంది ఆవిడ. ఓబోని ఒళ్లో అడ్డంగా పెట్టుకుంది. "మొదట రీడు అనుకున్నాను. నలభై రీడులు చెక్కాను. తర్వాత పన్ను అనుకున్నాను. డాక్టరు పెదవిలో ఏమీ లేదంటాడు. తిండికి బాగానే ఉంటుంది, మాటకి బాగానే ఉంటుంది. ఇది పెట్టుకోగానే నాలుగు నిమిషాలు. ఆ తర్వాత నా మాట వినదు. ఆయన ఆగినప్పుడల్లా నాకు ప్రాణం లేచొచ్చేది. లేచొచ్చి, ఆయన్నే తిట్టేదాన్ని."

చొల్పొన్ ఏడవడం మొదలుపెట్టింది. "నువ్వు ఆపు," అంది రిమ్మా ఆంద్రెయెవ్నా, "ముక్కు దిబ్బడేస్తే నీ ఫ్లూట్ ఎవరు వాయిస్తారు?"

అప్పుడు అర్కాదీ నోరు విప్పాడు. "మరి ఈ నాలుగు నెలలూ నా శ్రుతి తప్పిందంటూ తిట్టారే, అదెవరిది?"

"అది నీదే," అందావిడ.

మొదట మైరమ్‌బెక్ నవ్వాడు. తర్వాత అందరం నవ్వాం. అలసిపోయిన వాళ్ల నవ్వు అది, ఎంతసేపటికీ ఆగదు. ఆతాకి సగం రష్యన్ మాటలు అర్థం కాకపోయినా మాతో పాటు నవ్వాడు.

నవ్వు అయిపోయాక హాలులో చలి అలాగే ఉంది, పని అలాగే ఉంది. ఇక మిగిలింది ఒకటిన్నర పూట.

"నాలుగు నిమిషాలు పట్టగలవా?" అని ఆతా అడిగాడు. రిమ్మా ఆంద్రెయెవ్నాకి మా భాష రాదు, నేను రష్యన్‌లో చెప్పాను.

"మధ్యలో పావుగంట విరామం ఉంటే."

"నాలుగు నిమిషాలంటే తక్కువేం కాదు," అన్నాడాయన.

రిమ్మా ఆంద్రెయెవ్నా పెన్సిలు తీసింది. తన పుటల్ని స్టాండు మీంచి దించి నేల మీద వరసగా పరిచి, మోకాళ్ల మీద వంగింది. ఆ తర్వాత జరిగిందాన్ని చూడటం ఆ వారమంతటిలో నాకు అన్నిటికన్నా కష్టమైంది. తన స్వరాల్ని తానే కోసి పంచింది. "ఇది మైరమ్‌బెక్ తీసుకో, నీ గొంతుకి దగ్గరగా ఉంది. ఈ పై వరస చొల్పొన్‌ది. గట్టిగా ఊదకు, నేను ఊదినట్టే ఊదు. కనిషాయ్, ఇది కింద మెట్టులో నీకు వస్తుంది. బొటనవేలు నొప్పని తెలుసు, అయినా తప్పదు." అర్కాదీకి ఒక పొడవాటి స్వరం ఇచ్చింది. "దీన్ని పాడుచేస్తే నిన్ను పాతేస్తాను." అందరం నేల మీద కూర్చుని, మా పుటల్లో రాసుకున్నాం. గంటన్నర పట్టింది. అందరికీ పంచేసి చివరి పుట మాత్రం తన స్టాండు మీద పెట్టుకుంది. అందులో ఓబో, చోఓర్ మాత్రమే ఉంటాయి, మిగతా వాళ్లం ఊరికే కూర్చోవాలి. రెండు నిమిషాల పై చిల్లర.

"ఇది ఎవరికీ ఇవ్వను," అంది.

మిగతా పన్నెండు నిమిషాల్లో సగం ఆ రోజు ఒంటిగంట లోపే అయింది, మిగిలింది శుక్రవారం పదింటికల్లా. కొత్తగా పంచుకున్న చోట్ల తప్పులు చేశాం, మళ్లీ వాయించాం. ఆతా ఒక్కసారి కూడా ఆగలేదు. ఆ రెండు పూటలూ రిమ్మా ఆంద్రెయెవ్నా నోరు మూసుకుని, గొంతుకి శాలువా చుట్టుకుని, తన కుర్చీలోనే కూర్చుంది.

పదిన్నరకి ఆవిడ వంతు. ఆతా తన కుర్చీ ముందుకి జరుపుకుని ఆవిడకి దాదాపు మోకాళ్లు తగిలేంత దగ్గరగా కూర్చున్నాడు. కుబత్ మైకులు మార్చాడు. మొదటి టేకు బాగా మొదలై నిమిషం దగ్గర జారింది. రెండోది మొదట్లోనే పోయింది. మూడోది చివరి దాకా వెళ్లి, ఆఖరి స్వరం దగ్గర విరిగిపోయింది. ఆవిడ పెదవి తుడుచుకుంది. పావుగంట ఆగాం. మళ్లీ. ఇంకో పావుగంట. పన్నెండు ముప్పావు అయ్యేసరికి తొమ్మిది టేకులయ్యాయి. ఏ ఒక్కటీ మొదటి నుంచి చివరి దాకా నిలవలేదు.

"ఉన్నవి అతికిస్తే వస్తుంది," అంది స్పీకర్లోంచి కుబత్ గొంతు. "మొదటిది, మూడోది, ఏడోది. మూడు ముక్కలు."

"అతుకు తెలుస్తుందా?" అని ఆవిడ అడిగింది.

"తెలియనివ్వను."

"అయితే చాలు," అని ఆవిడ ఓబో విప్పింది.

ఆ సాయంత్రం ఆతాని బస్ స్టేషన్‌కి నేనే తీసుకెళ్లాను. దారిలో మాంసం కూరిన సమ్సాలు రెండు కొనిపెడితే, ఒకటి తిని ఇంకొకటి దారికని కోటు జేబులో వేసుకున్నాడు. క్షమాపణ చెప్పడానికి నాలుగైదుసార్లు నోరు తెరిచాను. మినీ బస్సు నిండాక గానీ కదలదని డ్రైవరు అరుస్తున్నాడు. ఆతా కిటికీ పక్కన కూర్చుని, అద్దం కొంచెం దించి, "ఆ బొటనవేలికి గొర్రె కొవ్వు రాసి, కట్టు కట్టుకో," అన్నాడు. నేను ఏం చెబుదామనుకున్నానో అది చెప్పకముందే బస్సు నిండిపోయింది.

రికార్డు జూన్‌లో వచ్చింది. ఐజిరెక్ ఫోన్ చేసి, ఆ చివరి రెండు నిమిషాలే అన్నిటికన్నా బాగున్నాయి అక్కా అంది. అవునన్నాను. వినేవాళ్లకి అతుకులు తెలియవు. నాకు తెలుసు, రెండూ ఎక్కడున్నాయో చేత్తో తడిమి చూపించగలను.

ఓబోకి ఇప్పుడు పక్క దేశంలోని అల్మాతీ నుంచి ఒకతను వస్తున్నాడు. బాగా వాయిస్తాడు. రిమ్మా ఆంద్రెయెవ్నా రీడులు చెక్కి అతనికి ఇస్తుంది, అతను నచ్చలేదంటే ఫోన్లో గంటసేపు వాదిస్తుంది. జులైలో ఒక ఆదివారం వాళ్ల ఇంటికి వెళ్లాను. బాల్కనీలో చెర్రీ పళ్ల గింజలు తీస్తోంది. నాకూ ఒక కత్తి ఇచ్చింది. ఇద్దరం చేతులు ఎర్రగా చేసుకుని చాలాసేపు గింజలు తీశాం.

"వాయించాలని అనిపించడం లేదా?" అని చివరికి అడిగేశాను.

"లేదు," అంది. "నాకు మీ మధ్య కూర్చుని, నా స్వరం లేని చోట ఆవర్తనాలు లెక్కపెట్టడం గుర్తొస్తుంది. ఒకటి రెండు మూడు నాలుగు, రెండు రెండు మూడు నాలుగు. అందరూ వాయిస్తుంటే నేను ఊరికే కూర్చుని, నా వంతు ఎప్పుడొస్తుందో నాకు తెలిసి ఉండటం. అది ఎక్కడా దొరకట్లేదు."

నేను ఇంకో గుప్పెడు చెర్రీలు తీసుకున్నాను.

"నిద్ర మాత్రం పడుతోంది కనిషాయ్," అందావిడ. "పది గంటలు పడుకుంటున్నాను. నువ్వూ వెళ్లి పడుకో, నీ మొహం చూడు ఎలా ఉందో."

నాటకశాలకి ఆ వారం సెలవు. ఇంటికి వెళ్లి, చేతులకున్న ఎరుపు కూడా కడుక్కోకుండా, పగలే పడుకున్నాను.